ఆర్ట్, క్రాఫ్ట్ సైట్లను వెతికి పట్టుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మలు గీసేవాళ్లు, కుట్టేవాళ్లు, అల్లేవాళ్లు, కాగితం మడిచేవాళ్లు నెట్‌లో తిరుగుతూ తిరుగుతూ విసిగిపోయి అడిగే ప్రశ్నలివి. కొన్ని సైట్ల పేర్లు చెప్పాను. కానీ ఈ రోజు ఉన్న సైటు వచ్చే ఏడాదికి ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి, అలాంటివి మీరే ఎలా పట్టుకోవాలో ఎక్కువగా రాశాను.

"క్రాఫ్ట్ ఐడియాలు" అని కొడితే ఎప్పుడూ అవే సైట్లు వస్తున్నాయి. ఎందుకు?

అందరూ కొట్టే మాటే మీరూ కొడుతున్నారు కాబట్టి. "సులువైన పేపర్ క్రాఫ్ట్" లాంటి మాటలకు పైవరసలో కనిపించడం కోసమే తయారయ్యే పేజీలు లెక్కలేనన్ని. వాటికి చేతిపనితో ఉన్న సంబంధం కంటే ప్రకటనలతో ఉన్న సంబంధం ఎక్కువ. నలభై ఐడియాలు ఉంటాయి, నలభై ఫొటోలు ఉంటాయి, ఒక్కదానికీ కొలతలు ఉండవు.

నిజంగా పని చేసేవాళ్లు తమ పేజీకి అలాంటి పేరు పెట్టరు. వాడిన సామగ్రి గురించి, పద్ధతి గురించి, మధ్యలో వచ్చిన చిక్కు గురించి రాస్తారు. మీరూ ఆ మాటలతోనే వెతకండి. నోట్‌బుక్ కుట్టుకోవాలంటే "ఇంట్లో నోట్‌బుక్ తయారీ" అని కాకుండా కాప్టిక్ స్టిచ్, కెటిల్ స్టిచ్, మైనం పట్టించిన లినెన్ దారం అని కొట్టి చూడండి. నీటిరంగుల కోసమైతే "అందమైన వాటర్‌కలర్ చిత్రాలు" వదిలేసి కోల్డ్ ప్రెస్ కాగితం, 300 జీఎస్ఎం, వెట్ ఆన్ వెట్, బ్యాక్‌రన్ అని అడగండి. సగం ఆరిన రంగులోకి నీళ్లు పాకి పువ్వులా మరక కడుతుందే, దాన్నే బ్యాక్‌రన్ అంటారు. ఆ మరక ఎందుకు వస్తుందో, ఎలా తప్పించాలో ఓపిగ్గా రాసినవాళ్లు కుంచె పట్టినవాళ్లే అయ్యుంటారు.

సెర్చ్ పెట్టెలో చిన్న చిన్న చిట్కాలూ పనికొస్తాయి. మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ వరసలోనే వెతుకుతుంది. అక్కర్లేని సైటు పేరు ముందు మైనస్ గుర్తు పెడితే అది పక్కకు తప్పుకుంటుంది. ఇంగ్లీషులో ఫైల్‌టైప్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా పీడీఎఫ్ అని కలిపితే క్లాసుల్లో పంచిన నోట్సు, నేత సంఘాల వార్తాపత్రికలు, స్కాన్ చేసిన డిజైన్లు బయటపడతాయి. నా మటుకు వీటన్నిటిలో ఈ పీడీఎఫ్ చిట్కాయే మేలు.

ఇంగ్లీషు దగ్గరే ఆగిపోకండి. జపాన్‌వాళ్ల సాషికో కుట్టు గురించి చూస్తున్నారనుకోండి. వికీపీడియాలో ఆ వ్యాసం తెరిచి, భాషల జాబితాలో జపనీస్ ఎంచుకుని, అక్కడి శీర్షికను కాపీ చేసి ఇమేజ్ సెర్చ్‌లో పెట్టండి. అంతవరకు కనపడని పేజీలు వస్తాయి. బ్రౌజర్ చేసే అనువాదం గొప్పగా ఉండదు కానీ, పక్కన బొమ్మ ఉంటే కొలతలు, వరసలు అర్థం చేసుకోవడానికి సరిపోతుంది.

అసలు ఆ పద్ధతి పేరే తెలియకపోతే ఏం కొట్టాలి?

పేరు తెలియనప్పుడు మ్యూజియం సైట్లకు వెళ్లండి. అక్కడ ప్రతి వస్తువు కింద అది దేనితో చేశారో, ఎలా చేశారో ఒక వరుస ఉంటుంది: చెక్క అచ్చు, ఎచింగ్, బాబిన్ లేస్, శాటిన్ కుట్టు, ఇలా. మీరు చూసినదాన్ని పోలిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు, ఆ వరుసలోని మాటలే మీ సెర్చ్ మాటలు అవుతాయి. గెట్టీ సంస్థ నడిపే ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థెసారస్ కూడా ఉచితమే. పదార్థాలు, పరికరాలు, పద్ధతుల పేర్లను ఒకదాని కింద ఒకటి శాఖలుగా పేర్చిన పదకోశం అది. చూడటానికి పొడిగా ఉంటుంది కానీ, "అల్లిక" దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ పోతే ఇన్ని రకాలున్నాయా అనిపిస్తుంది.

ఫొటో చేతిలో ఉంటే గూగుల్ లెన్స్‌కు చూపించండి. వస్తువేమిటో బాగానే చెబుతుంది. పద్ధతి విషయంలో మాత్రం తరచూ తడబడుతుంది. క్రోషేను అల్లిక సూదుల పని అంటుంది, చెక్క అచ్చును లినోకట్ (లినోలియం మీద చెక్కి వేసే అచ్చు) అంటుంది. అది చెప్పిన పేరును మ్యూజియంలో ఇంకోసారి సరిచూసుకోవడం మంచిది.

ఫొటో ఎక్కడో కనిపించింది. చేసింది ఎవరో తెలుసుకోవడం ఎలా?

అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. వస్తువును కాకుండా చేసిన మనిషిని పట్టుకుంటే అలాంటి వస్తువులు ఇంకో వంద దొరుకుతాయి. పైగా ఆ మనిషి ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎవరి పనిని మెచ్చుకుంటారో కూడా తెలుస్తుంది. ఒక మంచి సైటు నుంచి మరో మంచి సైటుకు అసలు దారి అదే. ఏ సెర్చ్ ఇంజనూ అంత చక్కగా దారి చూపించదు.

2010లో మొదలైన పిన్‌టరెస్ట్‌లో చాలా ఫొటోల వెనక లింకు ఉంటుంది, ముందు అది నొక్కి చూడండి. లింకు చచ్చిపోయి ఉన్నా, ఇంకెక్కడికో తీసుకెళ్లినా రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేయాలి, అంటే మాటలకు బదులు ఆ ఫొటోనే ఇచ్చి వెతకాలి. ఇలా వెతికిపెట్టడానికి 2008 నుంచి ఉన్న టిన్ఐ సైటులో ఫలితాల్ని పాతవాటి నుంచి వరసగా చూసే వీలుంది. అందరికంటే ముందు పెట్టినవాళ్లు అసలు కర్తలు అయ్యే అవకాశం ఎక్కువ. ఒక చిన్న మెలిక ఏమిటంటే, అక్కడ కనిపించేది టిన్ఐ ఆ ఫొటోను మొదటిసారి చూసిన తేదీ. ఫొటో నెట్‌లోకి ఎక్కింది అంతకు ముందే కావచ్చు. కాబట్టి పాత ఫలితాల్లో నాలుగైదు తెరిచి, ఫొటో ఎక్కడ పెద్ద సైజులో ఉందో, ఎక్కడ అంచులు కత్తిరించకుండా ఉందో చూడండి. పంచుకునేవాళ్లు కత్తిరించేది సాధారణంగా సంతకం ఉన్న మూలనే.

పేరు దొరికాక ఆ పేరుతో సోషల్ మీడియా ఖాతా దగ్గరే ఆగిపోవద్దు. సొంత సైటు ఉందేమో చూడండి. ఉంటే "లింకులు", "వనరులు", "నా గురించి" పేజీలు ముందు తెరవండి. జనం పట్టించుకోని పేజీలవి. మేలైన చిరునామాలు ఉండేది అక్కడే.

మ్యూజియం సైట్లు పరిశోధకులకే కదా, మాలాంటి వాళ్లకు పనికొస్తాయా?

పనికొస్తాయి. నన్నడిగితే మొదట వెళ్లాల్సింది అక్కడికే. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో దాదాపు 3,75,000 చిత్రాలను ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చని విడుదల చేసింది. క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019లో అదే పని చేసింది. అమెరికాలో చాలా మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల చిత్రాలతో తలుపులు తెరిచింది, వాటిలో వస్తువును అటూ ఇటూ తిప్పి చూడగలిగే త్రీడీ నమూనాలు కూడా ఉన్నాయి. యూరప్ మ్యూజియాలు, గ్రంథాలయాల సంగతులన్నీ ఒకేచోట వెతకాలంటే 2008లో మొదలైన యూరోపియానా ఉంది. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2011లో 17 మ్యూజియాలతో ఆర్ట్ ప్రాజెక్ట్ అనే పేరుతో మొదలైంది. ఊరికే తిరగడానికి బాగుంటుంది, పనిగట్టుకుని వెతకడానికి అంత అనువుగా ఉండదు.

చేతిపని చేసేవాళ్లకు ఇక్కడ దొరికే అసలు సంపద జూమ్. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం రెంబ్రాంట్ గీసిన "నైట్ వాచ్" చిత్రానికి 717 గిగాపిక్సెళ్ల ఫొటో తీసి 2022 జనవరిలో నెట్‌లో పెట్టింది. కుంచె ఎటు లాగారో, రంగు ఎక్కడ గడ్డకట్టిందో, పగుళ్లు ఎలా పాకాయో కనిపిస్తాయి. ఆ పెద్ద చిత్రం ముందు నిలబడినా అంత దగ్గరగా చూడనివ్వరు. కుట్టుపనికీ ఇంతే. చాలా మ్యూజియాలు బట్ట వెనక వైపు కూడా ఫొటో తీసి పెడతాయి. దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు ఎలా దూకిందో వెనకవైపు చూస్తే తెలిసిపోతుంది. సెర్చ్‌లో వస్తువు పేరుతో పాటు "శాంపిల్", "ఫ్రాగ్మెంట్", "ప్యాటర్న్ బుక్" లాంటి మాటలు ఇంగ్లీషులో చేర్చి చూడండి. అద్దాల బీరువాలోకి ఎప్పుడూ ఎక్కని ముక్కలు వస్తాయి, నేర్చుకోవడానికి అవే మేలు.

చాలా మ్యూజియాల సైట్లలో పిల్లల కోసం ప్రత్యేక విభాగాలు ఉంటాయి. పెద్దవాళ్లు వాటిని చూసి సిగ్గుపడక్కర్లేదు. పద్ధతిని సూటిగా చెప్పేది ఎక్కువగా అక్కడే.

పాత డిజైన్ పుస్తకాలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి?

ఇంటర్నెట్ ఆర్కైవ్, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ రెండూ అందరికీ తెలిసినవే. అంతగా పేరు వినపడనివి కొన్ని చెబుతాను. యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీలో కాపీరైట్ తీరిపోయిన లేస్, క్రోషే, ఎంబ్రాయిడరీ పుస్తకాలను స్కాన్ చేసి పెడుతున్నారు. హ్యాండ్‌వీవింగ్ డాట్ నెట్‌లో నేత నమూనాల పెద్ద సేకరణ ఉంది. పువ్వులు, పక్షులు గీసేవాళ్లు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీని వదలకూడదు. వృక్షశాస్త్ర గ్రంథాల్లోని చేతిరంగుల బొమ్మలు అందులో కుప్పలుగా ఉన్నాయి. గెట్టీ ప్రచురణల విభాగం, మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా తమ పాత పుస్తకాలు చాలావాటిని పూర్తిగా చదువుకోనిస్తాయి.

పాత పుస్తకాలతో ఒక జాగ్రత్త. కుట్టు, అల్లిక, మడతల వరకు వాటిని నమ్మి చేయొచ్చు. రంగుల తయారీ, పూతలు, లోహపు పని దగ్గరకు వచ్చేసరికి అందులో రాసినట్టు చేయకండి. అప్పటి ఎమరాల్డ్ గ్రీన్‌లో ఆర్సెనిక్ ఉంటుంది, తెల్లరంగులో సీసం, అసలైన వెర్మిలియన్‌లో పాదరసం. ఆ రోజుల్లో ఇవి మామూలు సామగ్రి, పుస్తకంలో హెచ్చరిక ఉండదు.

ఒకప్పుడు ఎవరో సొంతంగా నడిపే చిన్న సైట్లు బోలెడు కనిపించేవి. అవన్నీ ఏమయ్యాయి?

కొన్ని పోయాయి, కొన్ని ఉన్నా కనిపించడం లేదు. ఉచితంగా సొంత పేజీ పెట్టుకునే జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు అభిరుచి కొద్దీ కట్టుకున్న పేజీలు పెద్ద సంఖ్యలో కనుమరుగయ్యాయి. నచ్చిన సైట్లలో కొత్తగా రాసినవన్నీ ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ 2013లో ఆగింది. బటన్ నొక్కితే ఎక్కడికో తెలియని సైటుకు తీసుకెళ్లే స్టంబుల్‌అపాన్ 2018లో మూతపడింది. ఆ బటన్ నొక్కుతూ రాత్రిళ్లు మేలుకున్నవాళ్లు ఇప్పటికీ దాని గురించే మాట్లాడతారు.

పోయినవాటిలో కొన్నిటిని పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో చూడొచ్చు. పాత పేజీ చిరునామా తెలిస్తే అక్కడ పెట్టండి. ఫొటోలు సగం రాకపోయినా రాసిన మాటలు, లింకులు మిగిలి ఉంటాయి. ఆ లింకుల్లో ఇంకా బతికున్నవి మీకు దొరికిన కొత్త సైట్లే. బతికున్న చిన్న సైట్ల కోసం మార్జినాలియా అనే సెర్చ్ ఇంజన్ ఉంది. వ్యాపార హంగులు తక్కువ, రాత ఎక్కువ ఉన్న పేజీల్ని అది ముందుకు తెస్తుంది. ఫలితాలు ఒక్కోసారి మరీ వింతగా ఉంటాయి, ఓపిక కావాలి. సొంత పేజీలు పెట్టుకోవడానికి 2013లో వచ్చిన నియోసిటీస్‌లో ట్యాగుల వారీగా సైట్లను తిరగేయొచ్చు. నచ్చిన సైటుకు ఆర్ఎస్ఎస్ (కొత్తగా రాసినవి మీకు చేరవేసే ఫీడు) ఉంటే, దాన్ని చదివించే ఏదో ఒక రీడర్ యాప్‌లో చేర్చుకోండి. ఆరునెలలకోసారి రాసేవాళ్లను మరిచిపోకుండా ఉండటానికి ఇంతకంటే మంచి మార్గం లేదు, పైగా మంచి పనివాళ్లు చాలామంది ఆరునెలలకోసారే రాస్తారు.

రీల్స్‌లో అన్నీ వస్తున్నాయి కదా, సైట్లు ఎందుకు?

రీల్‌లో పని ముప్పై సెకన్లలో అయిపోతుంది. జిగురు ఆరిన గంటలు, చెడిపోయిన ముక్కలు అందులో ఉండవు. చూసి ముచ్చటపడటానికి బాగుంటుంది. చేయాలనుకుంటే ఆ ఖాతా ప్రొఫైల్‌లో సైటు లింకు ఉందేమో చూసి అక్కడికి వెళ్లండి.

సైటులో రాసిన సూచనలు నిజంగా పనిచేస్తాయో లేదో ముందే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. పూర్తయిన వస్తువు ఫొటోను పక్కనపెట్టి, మధ్య దశల ఫొటోలు చూడండి. సగం అయిన పని, చేతివేళ్లు, మరకల బల్ల కనిపిస్తున్నాయా? పదార్థాలకు కొలతలున్నాయా, ఆరడానికి ఎంతసేపో రాశారా? "ఇక్కడ బిగించి లాగితే బట్ట ముడతపడుతుంది" లాంటి వాక్యం ఒక్కటి ఉన్నా సరే, ఆ పేజీకి నేను మంచి మార్కులు వేస్తాను.

అల్లికకు, క్రోషేకు 2007లో మొదలైన రావెల్రీ అనే సైటు ఉంది. ఒక ప్యాటర్న్‌ను (వరసవారీగా రాసిన సూచనల్ని) బట్టి ఇతరులు చేసి పెట్టిన ఫొటోలు, వాడిన నూలు, పడ్డ తిప్పలు అక్కడ ఉంటాయి. డిజైనర్ పెట్టిన ఫొటో కంటే వాటిని నమ్మండి.

ఈ మధ్య కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మల బెడద పెరిగింది. క్రోషే బొమ్మ ఫొటో ఎంతో ముద్దుగా ఉంటుంది, దగ్గరగా చూస్తే కుట్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఎటు పోతున్నాయో తెలియదు. కళ్లు, వేళ్ల లాంటి చోట్ల దారం నునుపైన ప్లాస్టిక్‌లా మారిపోతుంది. ప్యాటర్న్ కొనేముందు చిన్న లెక్క చేయండి. గుండ్రటి బొమ్మ తల సాధారణంగా 6 కుట్లతో మొదలై, వెడల్పయ్యే వరసల్లో 12, 18, 24 ఇలా ఆరేసి చొప్పున పెరుగుతుంది. రాసిన పెంపులకూ వరస చివర ఇచ్చిన మొత్తానికీ పొంతన లేకపోతే ఆ ప్యాటర్న్‌ను ఎవరూ చేసి చూడలేదన్నమాట. నమూనా పేజీ ఒక్కటి కూడా చూపించని అమ్మకందారు దగ్గర అనుమానించడమే మంచిది.

ప్రమాదం సంగతి వేరు. రెజిన్ (గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పని గురించి రాస్తూ గ్లవ్స్, గాలి వెలుతురు మాటే ఎత్తని పేజీని మూసేయండి. చెక్క మీద కరెంటుతో మెరుపు గీతలు కాల్చే వీడియోలు చాలా కనిపిస్తాయి, పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో చేస్తారు. దయచేసి దాని జోలికి పోకండి. ఆ పని చేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ తన కార్యక్రమాల్లో దాన్ని నిషేధించింది.

సైటులో చూసిన డిజైన్‌ను నేను వాడుకోవచ్చా? అమ్ముకోవచ్చా?

నెట్‌లో కనిపించినంత మాత్రాన అందరిదీ అయిపోదు. బొమ్మ గీసిన క్షణం నుంచే గీసినవాళ్లకు హక్కు ఉంటుంది, ప్రత్యేకంగా గుర్తు వేయాల్సిన పనిలేదు. చాలా దేశాల్లో ఆ హక్కు కర్త పోయాక కూడా 50 నుంచి 70 ఏళ్లు నడుస్తుంది.

ఉచితంగా వాడుకోనిచ్చేవాళ్లు చాలామంది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడతారు. ఆ లైసెన్సులు 2002లో వచ్చాయి. బీవై అంటే పేరు చెప్పాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చి పంచుకోకూడదు, ఎస్ఏ అంటే మార్చినదాన్ని అదే షరతులతో పంచుకోవాలి. సీసీ జీరో అని ఉంటే ఏ షరతూ లేదు. ఆ గుర్తు ఏ బొమ్మకు వర్తిస్తుందో కూడా చూడండి, మొత్తం సైటుకంతా ఒకటే ఉండదు. ఓరిగామి, అంటే కాగితం మడతల పని చేసేవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకుంటారు. మడత మోడల్‌ను కనిపెట్టినవాళ్ల పేరు చెప్పడం అక్కడ మర్యాద, డయాగ్రామ్‌ను స్కాన్ చేసి పంచుకోవడాన్ని మాత్రం అసలు క్షమించరు.

వస్తువు చేసి అమ్మే విషయంలో ఒక్కో డిజైనర్ ఒక్కో నియమం పెడతారు, ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది. అడగడమే సులువు.

అమ్మకం సైట్లలో నిజంగా చేత్తో చేసినవి గుర్తుపట్టేదెలా?

2005లో చేతిపనివాళ్ల అంగడిగా మొదలైన ఎట్సీ కూడా 2013లో బయట తయారు చేయించుకోవడానికి అమ్మకందార్లను అనుమతించింది. కాబట్టి సైటు పేరు చూసి నమ్మక్కర్లేదు. వస్తువు ఫొటోను రివర్స్ సెర్చ్ చేయండి. అదే ఫొటో పది దుకాణాల్లో ఉంటే జవాబు దొరికినట్టే.

దొరికిన సైట్లను ఎలా దాచుకోవాలి? బుక్‌మార్కులు వందలు దాటాయి.

బుక్‌మార్క్ చిరునామాను దాస్తుంది, పేజీని దాచదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్కగట్టింది. అందుకే నిజంగా చేయబోయే పని అయితే పేజీని పీడీఎఫ్‌గా దింపుకోండి. వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్ నౌ" అనే పెట్టె ఉంది, అందులో చిరునామా పెడితే పేజీ నకలు అక్కడ ఉండిపోతుంది, ఇతరులకూ పనికొస్తుంది.

బుక్‌మార్క్ పేరును తప్పకుండా మార్చండి. సైటు ఇచ్చిన శీర్షిక మూడు నెలల తర్వాత ఏమీ గుర్తుచేయదు. చేసినవాళ్ల పేరు, పద్ధతి, మీకు నచ్చిన ఒక్క సంగతి రాసుకోండి: "ఫలానావారు, కాప్టిక్ స్టిచ్, మూలల్లో దారం దాచిన తీరు" అన్నట్టు. ఆ మూడో ముక్క రాయడానికి ఏమీ తోచకపోతే ఆ లింకును దాచుకోవాల్సిన పని లేదు. వందలు ఇరవైకి దిగొస్తాయి.

సైటు నడిపేవాళ్లకు సందేహం రాస్తే జవాబిస్తారా?

ప్రశ్నను బట్టి ఉంటుంది. "ఎలా చేశారో చెప్పండి" అని రాస్తే చాలామంది పలకరు, అప్పటికే పేజీ అంతా దాని గురించే రాసి ఉంటారు కాబట్టి. "నాలుగో వరసలో మీరు చెప్పినట్టే తగ్గించాను, అంచు లోపలికి ముడుచుకుంటోంది, నేను వాడింది ఇంకాస్త సన్నని నూలు, దానివల్లేనా?" అని అడిగితే మాత్రం ఊహించనంత పెద్ద జవాబు రావచ్చు. నేర్చుకున్నది ఎవరి దగ్గరో, ఇంకెవరి సైటు చూడమంటారో కూడా అదే ఉత్తరంలో అడగండి, ఆ జవాబులో రెండు మూడు కొత్త పేర్లు ఉంటాయి. ఫొటో జతచేసేటప్పుడు ఫ్లాష్ వద్దు, పగటి వెలుతురులో తీయండి. కుట్టు, నేత, అల్లిక అయితే వెనక వైపు ఫొటో కూడా పెట్టండి, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లు అక్కడే వెతుకుతారు.